పొయ్యి పక్క గది

ఆ ఉదయం గడప ముందు మల్‌జా జోళ్ళ మీద మాత్రం మంచు ఇంకా దులపలేదు.

మల్‌జా నా చిన్న తోడికోడలు. కడుపుతో ఉందని ఈ చలికాలం అత్తయ్య ఆమెకు పొయ్యి పక్క గది ఇచ్చింది. కొరియాలో మా దేగూ ఊరి ఇళ్ళలో బొగ్గు పొయ్యి వేడి పొగతో పాటు నేల కిందుగా పాకుతుంది, ముందు ఆ గదికే అందుతుంది. ఆరేళ్ళు అది నా గది.

"మహారాణిగారికి ఇంకా తెల్లారలేదు కాబోలు," అన్నాను.

అత్తయ్య తలుపు తీసి కేక పెట్టింది. గది నిండా బొగ్గు గ్యాసు. ఇద్దరం మల్‌జాను వాకిట్లోకి లాగాం. జాడీలోంచి ముల్లంగి ఊరిన పులుపు నీళ్ళు తెచ్చి నేనే ఆమె నోట్లో పోశాను. మా వాళ్ళకు తెలిసిన మందు అదే.

చాలాసేపటికి కళ్ళు తెరిచింది. నా చెయ్యి వదల్లేదు.

"అక్కా, నువ్వే లేకపోతే..."

అత్తయ్య గదిలో నేల మీది నూనె కాగితం చింపి చూసింది. కింద మట్టిలో వేలు దూరేంత పగులు.

"మొన్ననేగా కొత్త కాగితం వేయించాను! ఇంత పగులు నీ కంట పడలేదటే, పెద్దదానా?"

"లేదత్తయ్యా."

గది అప్పగించే ముందు రోజు ఆ కాగితం అతికించింది నేను. పగులు చూసే అతికించాను.