తిన్నింటి వాసాలు

సైకిలు కొబ్బరిచెట్టుకు ఆనించి, ఆ ముసలాయన గుమ్మం ముందు నిలబడ్డాడు.

“అమలాపురం నుంచి వచ్చేనండి. స్కూలువాళ్ళు పంపేరు. నన్ను లోవరాజు అంటారు.”

కనకరత్నం కంగారుగా పైట సర్దుకుంది. ఇల్లు చూడ్డానికి మనిషి వస్తాడన్నారు గానీ, ఇవాళే వస్తాడనుకోలేదు.

భర్త భీమరాజు కాయలు దింపుతూ చెట్టు మీంచి పడి మంచానికే అతుక్కుపోయాడు. కూతురు దుర్గాశ్రీకి స్కూలువాళ్ళు సగం ఫీజు తగ్గించారు. మిగతా సగమూ తీసేస్తే తప్ప పిల్ల అక్కడ పదో తరగతి చదవలేదు. అందుకే కనకరత్నం అర్జీ పెట్టుకుంది.

ఇప్పుడు పిల్ల చదువంతా ఈయన చెప్పే మాట మీదే ఉంది.

ఇంకొకరైతే ఖాళీ డబ్బాలు చూపించి ఏడ్చేవారు. కనకరత్నం అలాంటిది కాదు. ఇంటికొచ్చినవాళ్ళ ముందు లేమి బయటపెట్టడం కంటే చావు నయమనుకునే మనిషి.

భర్త పడుకున్న గది తలుపు దగ్గరగా వేసింది. పక్కింటి విజయదుర్గ దగ్గరికి పరుగెత్తి నెయ్యి, చేపముక్కలు, ఒక కుర్చీ తెచ్చింది.

“ఇవన్నీ ఎందుకమ్మా?”

“భలేవారే బాబాయిగారూ. మా ఇంటికొచ్చి ఎంగిలిపడకుండా వెళ్తారేంటండి?”

లోవరాజు కుర్చీలోంచి లేచి, మొహమాటంగానే విస్తరి ముందు కూర్చున్నాడు.

“మీ ఆయనకెలా ఉందమ్మా?”

అన్నం ముందు కూర్చున్న మనిషికి కష్టాలు ఎలా చెబుతుంది?

“ఆయ్, పర్లేదండి. మీ దయవల్ల లేచి తిరుగుతున్నారు.”

తలుపు వెనక భీమరాజు మూలుగు బయటికి రాకుండా పళ్ళు బిగపట్టుకున్నాడు.

పది రోజుల తర్వాత స్కూలు ఆఫీసులో రమణి అనే గుమాస్తా అర్జీ వెనక్కిచ్చింది.

“నెయ్యి వేసి భోజనం పెట్టేరంట. మీ ఆయన లేచి తిరుగుతున్నారంట. ఇంకా తగ్గించమంటే ఎలాగండి?”

కనకరత్నం అర్జీ మడిచి కొంగున దోపుకుంది. అక్కడికక్కడే కూతురి టీసీ రాయించుకుని బయటికొచ్చింది.

గేటు దగ్గర లోవరాజు ఎదురయ్యాడు.

“తిన్నింటి వాసాలు లెక్కపెట్టేరు కదండీ,” అంది. “ఆ నెయ్యి పక్కింటిది. మీరు కూర్చున్న కుర్చీ కూడా వాళ్ళదే. మా ఆయన ఆ తలుపు వెనకాలే ఉన్నారు, ఆర్నెల్లుగా పక్క మీంచి లేవలేదు. మీరు తిని వచ్చి నా బిడ్డ నోట్లో మట్టి కొట్టేరు.”

దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు.

లోవరాజు మొహం పాలిపోయింది. “అడిగితే చూసిందే చెప్పేనమ్మా,” అన్నాడు మెల్లగా.

ఆమె వినలేదు.

మూడో రోజున సైకిలు మళ్ళీ వచ్చింది. లోవరాజు చేతిలో ఏదో కాగితం ఉంది.

“ఒక్క సంతకం పెట్టమ్మా. పిల్ల మళ్ళీ స్కూలుకి వస్తుంది.”

“మళ్ళీ ఏం రాసుకెళ్దామని వచ్చేరు?”

“కాదమ్మా, ఒక్కమాట విను.”

ఆమె తలుపేసేసింది. ఆ ఇంటికొచ్చి మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిన మొదటి మనిషి ఆయనే. అంత ఎండలో అరుగు మీద చాలాసేపు కూర్చుని, చివరికి సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. కనకరత్నం కిటికీ సందులోంచి చూసింది. జాలి కలగలేదు. కలగనివ్వలేదు.

దుర్గాశ్రీ గవర్నమెంటు బడిలో చేరింది. వారం తిరగకుండానే స్నేహితురాలు కూడా దొరికింది.

“లక్ష్మీతులసి అనమ్మా, నా పక్కనే కూర్చుంటుంది. అదీ మా పాత స్కూలే, వేరే సెక్షను. నాకంటే ముందే మానేసి వచ్చిందేమో అనుకున్నాను. కాదంట, నా తర్వాతే మానేసిందంట.”

“దానికేమొచ్చింది? వాళ్ళకీ ఫీజు కట్టే దారి లేదా?”

“దానికి ఫీజే లేదమ్మా. అక్కడ పనిచేసేవాళ్ళ ఇంట్లోంచి ఒక్కళ్ళకి ఊరికే చదువు చెప్తారంట. దాన్ని మాన్పించి, ఆ సీటు ఇంకో అమ్మాయికి ఇమ్మని వాళ్ళ తాతయ్య మేనేజరు కాళ్ళావేళ్ళా పడ్డారంట. తీరా ఆ అమ్మాయి వాళ్ళమ్మ సంతకం పెట్టలేదని, ఆ సీటు కాస్తా వేరేవాళ్ళకి ఇచ్చేసేరంట.”

కనకరత్నం చేతిలో గరిటె ఆగిపోయింది.

“వాళ్ళ తాతయ్య పేరేంటే?”

“లోవరాజు గారు,” అంది దుర్గాశ్రీ.