ఒకే గదిలో గాలి

కుంఠా నాకా దగ్గరి ఒంటిగది ఇంట్లో రామచంద్రం తన వీలునామా భార్యకు చదివి వినిపించాడు. అందులో ఆస్తి ఏమీ లేదు. తను పోయాక శరీరాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చేయమని మాత్రం ఉంది. దాని కింద ఆమె సంతకం కావాలి.

"నలభై ఏండ్లు సాంచెల కాడ టవల్లు నేసిన, దూది నుసి పీల్చిన," అన్నాడు రొప్పుతూ. "ఏ డాక్టరుకు నా రోగం దొరకలే. కోసి చూస్తెనన్న ఎర్కైతది. నా వెనక ఉండేటోళ్లు బతుకుతరు. సహీ చెయ్."

యమునాబాయి ఒళ్లోని చాట దించలేదు. తునికాకులో తంబాకు పోసి బీడీ చుడుతూనే ఉంది.

"నేను చెయ్య."

"కాష్టం మీద కాలనని భయమా?"

"కాదు."

ఆయన వంగి ఆమె చేతిలో పెన్ను పెట్టబోయాడు. ఆమె విసురుగా తోసేసింది. చాట తిరగబడింది. తంబాకు పొడి గదంతా లేచింది.

"ముప్పై ఏండ్ల సంది ఈ గదిలనే బీడీలు చేస్తున్న," అంది యమునాబాయి. "నువ్వు ఈడనే తిన్నవ్, ఈడనే పన్నవ్. రేపు కోసినంక దూది కాదు, నా తంబాకే ఎల్లితే నేనెట్ల బతకాలె?"

లేచిన పొడికి రామచంద్రానికి దగ్గు తెర వచ్చింది. తర్వాత పెన్ను తీసి మళ్లీ ఆమె వేళ్ల మధ్య పెట్టాడు.

"అదే ఎల్లనియ్. నీకు దగ్గు సురువై ఆర్నెల్లాయె. నా వెనక ఉండేటోళ్లంటే ఎవరనుకున్నవ్ యమునా?"