పదిహేడో స్టెప్

“మేడమ్, మీ నోట్సులో పదిహేడో స్టెప్ తప్పుంది. సరిచేశాను,” అన్నాడు కంప్యూటర్ తెర మీద, వేరే దేశంలో ఉన్న మనిషి.

ఆమె కాఫీ కప్పు కింద పెట్టింది. పంతొమ్మిదేళ్లుగా కన్నబిడ్డలా సాకిన టికెట్ల సాఫ్ట్‌వేర్ ఒకటో తారీఖు నుంచి అతని చేతికి పోతోంది. మొదటి వారంలోనే అది చతికిలబడితే తనను మళ్లీ పిలుస్తారని, అతనికి పని అప్పగిస్తూ ఇచ్చిన నోట్సులో ఆమె కావాలని రాసిన తప్పది.

“మా మేనేజర్‌కి చెప్పావా?”

చెబితే పెట్టేబేడా సర్దుకునే వ్యవధి కూడా ఇవ్వరు.

“లేదండీ. పాము కాళ్లు పాముకే తెలుస్తాయి. మా పాత కంపెనీలో నా పనీ ఇలాగే వేరే దేశానికి పోయింది. నేనూ ఒక స్టెప్ తప్పు రాసిచ్చాను.”

“మరి పిలిచారా?”

“పిలవలేదు. అవతలివాళ్లు రెండ్రోజుల్లో పట్టేశారు.”

ఆమెకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. అతని వెనక కొత్త కుర్చీలకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. ఇక్కడ ఆమె వెనక ఖాళీ కుర్చీలకు ‘అమ్మకానికి’ అని చీటీలు అంటించారు. తెర మీద ఆ కుర్చీలూ ఈ కుర్చీలూ పక్కపక్కనే కనిపిస్తున్నాయి.

“ముప్ఫై ఒకటో స్టెప్ కూడా ఒకసారి చూసుకో, నాయనా,” అంది చివరికి.

“అది మొన్ననే చూశానక్కా. మీరే చెప్తారేమోనని ఆగాను.”