పిచ్చి కాదు

"తప్పుకో! కుక్కకి పిచ్చెక్కింది. కరిసిందంటే సస్తావు!" పరదేశి కర్ర ఎత్తాడు.

అతని భార్య అప్పలనరసమ్మ కదల్లేదు. చెరకుతోట గట్టు మీద కాళ్లు కొట్టుకుంటూ, నోట నురగ కక్కుతున్న తమ కుక్క చుక్కకు అడ్డంగా కూర్చుంది.

"ముందు నన్ను కొట్టు. ఆ తరవాత దీన్ని కొడుదువుగాని."

అటుగా సైకిలు మీద పోతున్న పశువుల డాక్టరు ఖాదర్ మొహిద్దీన్ కేకలు విని దిగాడు. ఎద్దు కోసం, ఆవు కోసం ఏడ్చినవాళ్లను చోడవరంలో చాలామందినే చూశాడు గానీ, కుక్క కోసం కర్రకు ఎదురు కూర్చున్న మనిషిని చూడటం ఇదే మొదలు.

"కర్ర దించవయ్యా. అమ్మా, నువ్వు దాని నోట్లో చెయ్యి పెట్టకు. పక్కనున్న రాళ్లు తీసెయ్, చాలు."

కాసేపటికి కొట్టుకోవడం ఆగింది. చుక్క తూలుతూ లేచింది. దిక్కులు చూసింది. అప్పలనరసమ్మ చీర వాసన చూసి తోక ఊపింది. ముంతలో నీళ్లు పెడితే ఆబగా తాగింది.

"ఇలా ఎప్పట్నుంచి వస్తోంది?" అడిగాడు డాక్టరు.

"పోయిన వరికోతల కాణ్ణించి బాబూ. పడిపోతాది, కొట్టుకుంటాది, మళ్లీ మామూలే."

"అయితే పిచ్చి కాదు. పిచ్చికుక్క పది రోజులు మించి బతకదు. ఇది మూర్ఛ. మెదడులో పుట్టే జబ్బు. మనుషులకూ వస్తుంది."

పరదేశి కర్ర పట్టు సడలించలేదు. "గాలి సోకిందన్నారు మా ఊరోళ్లు."

"గాలీ లేదు, ధూళీ లేదు. రేపు ఆస్పత్రికి తీసుకురండి, మాత్రలిస్తాను. రోజూ అన్నంలో కలిపి పెట్టాలి. పూర్తిగా పోతుందని చెప్పను గానీ తగ్గుతుంది. మధ్యలో మానేస్తే మాత్రం తిరగబెడుతుంది."

మాత్రల మాట అప్పలనరసమ్మ విన్నట్టు లేదు. చుక్క నుదుటి మీది వెంట్రుకల్ని వేళ్లతో పదే పదే వెనక్కి దువ్వుతోంది.

"కొట్టుకునేటప్పుడు నొప్పి తెలుస్తాదా బాబూ?"

"తెలియదు. ఆ కాసేపూ స్పృహ ఉండదు."

"మనం పిలిస్తే ఇనపడదా?"

"వినపడదు."

"తేరుకున్నాక..." దువ్వుతున్న ఆవిడ వేళ్లు ఆగాయి. "తేరుకున్నాక, మన మనిసి పక్కన లేకపోతే బెంగెట్టుకుంటాదా?"

ఇలాంటి ప్రశ్న డాక్టరును ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"బెదిరిపోతుంది. కళ్లు తెరవగానే తెలిసిన ముఖం కనపడాలి. అదే సగం మందు."

ఆవిడ చూపు చెరకుతోట దాటి, మాడుగుల వెళ్లే బాట వెంట పోయిపోయి, దూరాన కొండల దగ్గర ఆగిపోయింది. ఎంతసేపటికీ వెనక్కి రాలేదు. ఒక కుక్క గురించి ఇంత దిగులేమిటో డాక్టరుకు అంతుపట్టలేదు. ధైర్యం చెబుదామనుకున్నాడు.

"ఇంత ప్రేమగా చూసుకునేవాళ్లుండగా దీనికేం భయం లేదమ్మా."

ఆ మాటకు పరదేశి తల దించుకున్నాడు. అప్పలనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత లేచి, మొగుడికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇన్నావు కదా? ఆ కొండకాడ, దెయ్యాలొదిలించీవోడి పాకలో గొలుసేసి ఒగ్గేసిన మన గుంటని, కన్నకూతుర్ని, ఇప్పుడైనా తెస్తావా, నన్నే ఎల్లమంటావా?"