రొట్టెల డబ్బా

వరిమడుల్లో నిలవున్న నీళ్ళలోంచి మీథేన్ లేస్తుందనీ, దాంతో భూమి వేడెక్కుతోందనీ, ముందు మన తెలుగువాళ్ళే అన్నం మానాలనీ బాగ్‌బేరా తెలుగు సంఘం మీటింగులో మైకు వదలకుండా చెప్పాను. నా ఉద్యోగం ఉక్కు కొలిమి దగ్గరన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. మర్యాదస్తులు.

మర్నాటి నుంచి మా ఆవిడ కల్యాణి నా డబ్బాలో రొట్టెలే పెట్టింది. "సెప్పింది నువ్వే గదా!" అంది.

వారం తిరక్కుండానే నా ప్రాణం అన్నం, అన్నం అని కొట్టుకుంది. నాతో పనిచేసే సూర్యం ఆ మీటింగుకి రాలేదు. లంచ్ రూములో గుట్టుగా వాడితో డబ్బా మార్చుకోవడం మొదలెట్టాను. వాడి పప్పన్నం తింటున్నంతసేపూ భూమి నాకు గుర్తే రాలేదు.

ఇవాళ వాడి డబ్బా తెరిస్తే రొట్టెలు.

"ఇదేటిరా?"

"ఏటి సెప్పమంటావు బావా! నీ మీటింగు వీడియో మాయావిడ సూసింది. ఇంట్లో అన్నం బంద్."

సిగ్గు విడిచి లంచ్ రూములో తెలుగువాళ్ళ డబ్బాలన్నిట్లోకీ తొంగి చూశాను. అన్నిట్లోనూ రొట్టెలే.

ఇంతమందిలో నా మాట నమ్మనివాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.