మజా దగ్గర సున్నా

పదో కాగితం మీద పెద్దాయన గుండ్రంగా సున్నా చుట్టాడు.

‘ఆట ఆడుతుంటే మజా వచ్చిందా? పదికి ఎన్ని మార్కులు?’ అన్న ప్రశ్న పక్కన.

డిజైనర్ కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. సున్నా సున్నాలాగే ఉంది.

రెండేళ్లు రెక్కలు ముక్కలు చేసుకుని ఆమె తయారుచేసిన వీడియో గేమ్ అది. విడుదల కావాలంటే పదిమంది ఆడి చూసి, అందరూ కలిపి అరవై మార్కులు వేయాలని బాసు షరతు. తొమ్మిదిమంది కలిసి యాభై తొమ్మిది వేశారు. ఈయన ఒక్క మార్కు విదిల్చినా గట్టెక్కేది.

ఆ ఒక్కటీ ఎక్కడికీ పోదని ఆమె నిశ్చింతగా ఉంది. మిగతావాళ్లు ఒకసారి ఆడి వెళ్లిపోతే ఈయన వరసగా నాలుగు రోజులు వచ్చాడు మరి. బాబాయిగారూ అని నోరారా పిలిచి, తన కుర్చీ ఇచ్చి, తన చేత్తో టీ కలిపి ఇచ్చింది.

“ఈ ఆటను ఆపేయకమ్మా, అందరూ ఆడాలి” అని నిన్ననేగా అన్నాడు!

ఆట చాలా చిన్నది. ఆడేవాళ్లు ఈతకొలనుకు కాపలా కాయాలి. గట్టున ఎత్తు కుర్చీలో కూర్చుని నలభై నిమిషాలు నీళ్లను చూస్తూ ఉండాలి, అంతే. మధ్యలో ఎప్పుడో ఓ ఆరేళ్ల బాబు అరుపూ కేకా లేకుండా మునిగిపోతాడు. చూస్తే దూకి తీయొచ్చు. చూపు తిప్పితే బాబు లేడు.

ఆ బాబు ఆమె అన్నయ్య.

అప్పటికి ఆమెకు నాలుగేళ్లు. ఏమీ గుర్తులేదు. కాపలావాడు కబుర్లలో పడి చూడలేదని నాన్న చెప్పగా విని పెరిగింది. ఆ మాట లోకానికి చెప్పాలనే ఈ ఆట. ‘చూస్తే చాలు’ అని పేరు కూడా పెట్టింది.

బాసు సున్నాను చూసి నవ్వాడు.

“నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నా. ఆటంటే మజా ఉండాలి. ఏడవడానికి ఆటెందుకు, ఎవరిల్లు వాళ్లకుంది కదా!”

“పుస్తకం చదివి ఏడుస్తారు. సినిమా చూసి ఏడుస్తారు. ఆట ఆడి ఏడిస్తే తప్పేముంది సార్?”

“ఏడిపించే ఆటను రెండోసారి ఎవరు ముట్టుకుంటారు? రేపటినుంచి నువ్వు కార్ల రేసు జట్టులోకి వెళ్లు.”

రెండేళ్ల పని రెండు మాటల్లో ముగిసింది.

పెద్దాయన ఇంకా లిఫ్ట్ దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆమె విసవిసా వెళ్లింది.

“నా కుర్చీలో కూర్చుని, నా టీ తాగి, నమ్మించి గొంతు కోస్తారా?”

ఆయన తెల్లబోయాడు.

“మజా వచ్చిందా అని అడిగారు కదమ్మా. రాలేదు. అబద్ధం ఎలా రాయను?”

“మజా రాకపోతే నాలుగు రోజులు ఎందుకొచ్చినట్టు?”

ఆయన ఏదో చెప్పబోయాడు.

“ఇంకెప్పుడూ మీ మొహం నాకు చూపించకండి.”

“అలాగేనమ్మా,” అన్నాడు. లిఫ్ట్ రాకముందే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పరాయివాణ్ణి నమ్మినందుకు తగిన శాస్తి జరిగిందనుకుంటూ ఆమె ఇల్లు చేరింది.

ఎవరికి ఎక్కడ విసుగొచ్చిందో తెలియడానికి, ఆడేవాళ్ల మొహాలను ఆఫీసులో కెమెరా రికార్డు చేస్తుంది. ఆ వీడియో వెంట తెచ్చుకుంది. ఆయన ఎన్నిసార్లు ఆవులించాడో, ఎన్నిసార్లు దిక్కులు చూశాడో అమ్మకు చూపించి నాలుగు తిట్లు తిడితే గానీ కడుపుమంట చల్లారేలా లేదు.

తల్లీకూతుళ్లు లాప్‌టాప్ ముందు కూర్చున్నారు.

ఆయన ఒక్కసారి కూడా ఆవులించలేదు. తెర మీంచి చూపు తిప్పలేదు. బాబు మునిగీ మునగగానే పట్టాడు, గట్టుకు చేర్చాడు. నాలుగు రోజులూ అంతే.

అక్కడితో ఆట అయిపోయింది. కానీ ఆయన కళ్లు ఇంకా ఆ నీళ్లలోనే వెతుకుతున్నాయి.

“బాబు దొరికాడుగా, ఇంకా ఎవర్ని వెతుకుతున్నట్టు?” అని ఆమె గొణిగింది.

అమ్మ తెర మీది మొహాన్ని వేలితో తాకింది.

“ముసలాడైపోయాడు పాపం,” అంది.

“ఈయన నీకు తెలుసా?”

“ఆనాటి కాపలావాడు ఈయనే. మీ నాన్న నీకు అబద్ధం చెప్పారే. నేనూ నోరు మూసుకున్నాను. ఆ బరువు నీ మీద పడకూడదని.”

“ఏం బరువు?”

“ఆ రోజు మునిగింది అన్నయ్య ఒక్కడే కాదు. ఈయన చూశాడు, దూకాడు, ముందు చేతికందిన నిన్ను గట్టున పడుకోబెట్టి, వాడికోసం మళ్లీ దూకాడు.”