దీపం వేళ సర్వే

"సర్కారు తర్ఫీదు అయినాక పని దొరికిందా అన్నా?"

గడప ముందు నిలబడి తమిళంలో అడిగింది కొత్తామె. చేతిలో ట్యాబు, భుజాన గుడ్డసంచి.

కుమరేశన్ నోరు తెరిచాడు. పనిచేసిన మిల్లు మూసి రెండేళ్లు. మోటారు వైండింగు తర్ఫీదై ఎనిమిది నెలలు. కోయంబత్తూరులో అతను ఎక్కి దిగని కంపెనీ మెట్లు లేవు.

లోపల్నుంచి తల్లి నాగమ్మాళ్ తెలుగులో గదిమింది. "శుక్రవారంరా! ఇప్పుడే దీపం పెట్టినాను. గడపలో లేదనొద్దు."

తాతలనాటి కట్టు అది. ఉప్పు నిండుకుందంటారే గాని, దీపం వేళ ఆ ఇంట్లో లేదనరు.

"ఉంది," అన్నాడు.

"ఎక్కడ?"

"ఒక కంపెనీలో."

ఆమె వేలు ట్యాబు మీద ఆగింది. "బాగా ఆలోచించి చెప్పండన్నా."

"ఉందంటిని గదా!"

ఈసారి ఆమె గొంతు తగ్గించి తెలుగులోనే అడిగింది. "అన్నా, నిజం చెప్పండి. దీపం ఏమీ అనుకోదు."

కుమరేశన్‌కి తల కొట్టేసినట్టయింది. అంతా విన్నదన్నమాట! సిగ్గు కాస్తా కోపమైంది.

"మా ఇంటి సంగతి మీకెందుకమ్మా? రాసుకుని పోండి."

రాసుకుంది. పోయింది.

బుధవారం పొద్దున ఎదురింటి చెన్నకేశవన్ అన్నం క్యారియరుతో బయల్దేరాడు.

"పొల్లాచ్చి దారిలో పంపుసెట్ల కంపెనీ మామా! ఆ సర్వే అమ్మణ్ణికి పని లేదని చెప్పినాను. నిన్న పిలిచినారు."

కుమరేశన్ తర్ఫీదు ఆఫీసుకి పరుగెత్తాడు.

"సార్, నాకు పని లేదని మార్చండి. ఆ రోజు శుక్రవారం, అందుకే..."

"శుక్రవారమైతే?" గుమాస్తాకి అంతుపట్టలేదు. "నీకు పని ఉందని రిపోర్టు పైకి పోయింది. పని లేదన్నవాళ్లకి వచ్చిన పన్నెండు ఖాళీలూ నిండిపోయినాయి."

చేతులారా చేసుకున్నది, ఎవర్ని తిట్టగలడు?

"ఆ అధికారమ్మని ఒక్కసారి చూడనివ్వండి సార్. కాళ్లు పట్టుకుంటాను."

"అధికారా?" గుమాస్తా తలెత్తాడు. "కళైవాణి నీలాగే ఇక్కడ తర్ఫీదై, పని దొరక్క, నెల రోజుల సర్వేకి వచ్చిన పిల్లయ్యా. రాసుకుపోవడమే ఆమె పని. ఆదివారాలు కంపెనీల గేట్ల దగ్గర నిలబడి బతిమాలింది, మీకోసం."

కాగితాలు సర్దుకుంటూ అన్నాడు.

"మొన్నటితో ఆమె పనీ అయిపోయింది. అడిగి తెచ్చిన పన్నెండు చోట్లలో తన పేరు ఒక్కచోటా రాసుకోలేదు."